గాయానికి గడ్డిచామంతి: నమ్మకం నుంచి నిరూపణ వరకు

నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్ పేరు వినగానే ఛాయా సోమేశ్వరాలయం, ఉదయ సముద్రం చెరువు గుర్తుకు వస్తాయి. ఈ మెట్ట ప్రాంతపు చేలగట్లపైన, బాటల వెంట పెరిగే గడ్డిచామంతి మాత్రం అంతగా దృష్టికి రాదు. బడిపిల్లలు పలకలు తుడుచుకొన్నందున పలకాకు అనీ, తెగిన చోట పసరు పిండినందున గాయపాకు అనీ దీనికి పేర్లు. శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్.

పల్లె ప్రజల అనుభవాన్ని శాస్త్రం యథాతథంగా స్వీకరించదు, తోసిపుచ్చదు; పరీక్షిస్తుంది. ఇందుకు సాధారణంగా ఎలుకలను ఎంచుకొంటారు. మత్తు ఇచ్చి, నిర్ణీత వైశాల్యంలో చర్మాన్ని తొలగించి, ఒక గుంపుకు మొక్క సారాన్ని, మరొక గుంపుకు వాడుకలో ఉన్న మందును పూస్తారు. మూడవ గుంపుకు మందు లేని లేపనం మాత్రమే పూస్తారు. గాయం ఎన్ని రోజులలో ముడుచుకొన్నది, కొత్త చర్మం ఎప్పుడు కప్పుకొన్నది నమోదు చేస్తారు. కోసి కుట్టిన గాయమైతే, మానిన అతుకు ఎంత లాగుడును తట్టుకొన్నదో కొలుస్తారు. అతుకుకు బలమిచ్చేది కొల్లాజెన్ అనే మాంసకృత్తి.

గడ్డిచామంతిపై 1983లో ప్రచురితమైన ఒక భారతీయ పరిశోధన ఇందుకు చక్కని ఉదాహరణ. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ గాయం మానడాన్ని మందగింపజేస్తుంది. ఆ ప్రభావానికి లోనైన జంతువులలో ఈ మొక్క కొత్త చర్మం ఏర్పడటానికి, అతుకు బలానికి తోడ్పడినది. అయితే గాయం ముడుచుకొనడంలో మార్పు కనిపించలేదు. అంటే ఫలితం పాక్షికమే. ఈ తేడాను వార్తలలో స్పష్టంగా పేర్కొనడం అవసరం. ఎలుకలో మానిన గాయం పశువులోనూ, మనిషిలోనూ అదే రీతిన మానుతుందని చెప్పజాలము. పురుగులు పట్టిన, చీము చేరిన పుండ్లతో ఉన్న పశువులను పసరుతో సరిపెట్టక పశువైద్యశాలకు తీసుకువెళ్లవలసి ఉన్నది.

జంతువులపై ప్రయోగాలకు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1998 నాటి నియమాలు వర్తిస్తాయి. సంస్థాగత నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి.

సంప్రదాయ జ్ఞానాన్ని నమోదు చేయడం కూడా అంతే ముఖ్యం. గాయాలకు పసుపు వాడకంపై అమెరికాలో 1995లో పేటెంటు మంజూరు కాగా, భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాల ఆధారాలు చూపి 1997లో దానిని రద్దు చేయించినది. లిఖిత ఆధారమే నాడు అక్కరకు వచ్చినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం క్రింద స్థానిక కమిటీలు రూపొందించే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో ఇటువంటి మొక్కలకు, వాటి వాడుకకు చోటు దక్కాలి. పెద్దల నోట ఉన్న జ్ఞానం వారితోనే అంతరించకుండా కాపాడే మార్గమిదే.