కళ్ళా? కాళ్ళా?

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పోయిన వేసవిలో మా ఇంట్లో జరిగిన సంగతి ముందు చెప్పి, తర్వాత అసలు విషయంలోకి వస్తాను. మా ఆడపడుచుగారి అబ్బాయి అమెరికాలో, డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అమీర్‌పేటలో మా ఇంట్లోనే ఉండి, మైత్రీవనం దగ్గర కంప్యూటరు కోర్సులు నేర్చుకుని వెళ్ళినవాడు. ఒకరోజు తెల్లవారేసరికి వాడి దగ్గర్నుంచి నా ఫోనుకి మెసేజి వచ్చి ఉంది. భాష తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. అమ్మకి ఫలానావి బాగా నొప్పిగా ఉన్నాయట, పంజగుట్టలో మంచి డాక్టరుకి చూపించు అత్తా అని. ఆ ఫలానా మాటకి వాడు రాసిన అక్షరాలు ఇవీ: కె, ఎ, ఎల్, ఎల్, యు. నేను కళ్ళు అని చదువుకున్నాను.

ఫోను చేసి కనుక్కోవద్దా అని మీరనొచ్చు. చేశాను. "నొప్పి ఎలా ఉంది వదినా?" అంటే "ఏం చెప్పను, రాత్రిళ్ళు నిద్రే లేదు" అంది. ఇంక అనుమానమేముంది? పంజగుట్టలో కంటి డాక్టరు దగ్గర పేరు రాయించి, ఫీజు కట్టి వచ్చాను. తీరా వదిన ఖమ్మం బస్సు దిగి, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ వచ్చింది. "నా కళ్ళకేమమ్మా, ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తాను. మోకాళ్ళు" అంది. ఫీజు పోయింది, పోనివ్వండి. కాళ్ళ డాక్టరు దగ్గర మళ్ళీ వారం దాకా వరస రాలేదు. ఆ వారమంతా ఆవిడ మా మూడో అంతస్తు దిగలేదు. కల్లు అన్న మాటనీ ఇంగ్లీషులో ఇలాగే రాస్తారు, నేనంతవరకూ పోలేదు, అదే సంతోషం.

తప్పు నాదా, వాడిదా అని ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. నన్నడిగితే తప్పు అక్షరాలది. ఇంగ్లీషులో అచ్చులు అయిదే. మనకు అ వేరు, ఆ వేరు. ల వేరు, ళ వేరు. త వేరు, ట వేరు. వీటినన్నిటినీ ఆ ఇరవై ఆరు అక్షరాల్లో కుక్కితే దీర్ఘాలు పోతాయి, దీర్ఘంతో పాటు అర్థమూ పోతుంది.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. 1990ల మొదట్లో అమెరికాలో చదువుకునే తెలుగు పిల్లలు కంప్యూటర్లలో ఒకరికొకరు రాసుకునేవారు. ఆ యంత్రాల్లో తెలుగు లిపి లేదు. అప్పుడు టెక్సాస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు తప్పు లేకుండా రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. దీర్ఘానికి పెద్ద ఎ, 'ళ'కి పెద్ద ఎల్, ఇలా. ఆ లెక్కన రాస్తే కళ్ళకూ కాళ్ళకూ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కాని బస్సులో నిలబడి బొటనవేలితో మెసేజి కొట్టే పిల్లలకు పెద్ద ఎ, చిన్న ఎ చూసుకునే ఓపిక ఎక్కడిది?

సరే, తెలుగు లిపిలోనే రాయొచ్చుగా అంటారా? దానికీ ఓ కథ ఉంది. 1992 డిసెంబరులో ఇంగ్లండులో మొదటి ఎస్సెమ్మెస్ వెళ్ళింది. ఒక్కో మెసేజిలో ఇంగ్లీషు అక్షరాలయితే 160 పడతాయి. తెలుగయితే 70 గుర్తులే. పైగా మన కంటికి ఒక అక్షరంగా కనిపించేది యంత్రానికి ఒకటి కాదు. 'స్త్రీ' అన్న అక్షరాన్ని అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరుగా లెక్క పెడుతుంది! (ఆడదాన్ని లెక్క పెట్టినప్పుడన్నా ఎక్కువ పలికిందని మా వారు నవ్వారు.) మెసేజికింత అని డబ్బులు పోయే రోజుల్లో తెలుగులో రాస్తే ఒక కబురుకి రెండు మూడు మెసేజిల ఖర్చయ్యేది. అసలు ఆనాటి ఫోన్లలో చాలావాటికి తెలుగు చదవడమే రాదు, నలుచదరపు డబ్బాలు కనిపించేవి. అలా పిల్లలకి ఇంగ్లీషు అక్షరాలు అలవాటయ్యాయి. ఇప్పుడు ఆ ఖర్చూ లేదు, ఆ డబ్బాలూ లేవు, అలవాటు మాత్రం మిగిలిపోయింది.

డబ్బాలు ఎలా పోయాయంటే, ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే పట్టిక వేసి, ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చారు. దాన్ని యూనికోడ్ అంటారు. 1991లో వచ్చిన మొదటి పట్టికలోనే తెలుగు ఉంది. అది అన్ని యంత్రాల్లోకీ దిగడానికి చాలా ఏళ్ళు పట్టింది. అయినా మన వత్తులు అంత తేలిగ్గా లొంగేవి కావు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం ఒక రకంగా వచ్చిన మెసేజి తెరిస్తే యాపిల్ కంపెనీ ఫోన్లు పనిచేయక ఆగిపోయేవి. అదే నెలలో సరిచేశారనుకోండి. అంత ఖరీదు ఫోను మన జ్ఞానం బరువుకి కూలబడిందని మా మేడ మీద చాలారోజులు చెప్పుకున్నాం.

ఇదంతా లిపి సంగతి. రాతలో ఇంకో మార్పు వచ్చింది, అది నాకు కొంచెం దిగులు. మా చిన్నతనంలో ఇన్‌లాండు కవరు రాయడం అమ్మ కూర్చోబెట్టి నేర్పింది. పైన శ్రీరామ, కుడివైపు ఊరూ తేదీ, పెద్దలకయితే మహారాజశ్రీ, ముత్తయిదువలకు లక్ష్మీసమానురాలైన, చిన్నవాళ్ళకు చిరంజీవి, ఆ తర్వాత ఉభయకుశలోపరి. అందులో గంగాభాగీరథీసమానురాలైన అని భర్త పోయినావిడకి రాసే మాట మాత్రం నాకెప్పుడూ గిట్టలేదు. అది పోయినందుకు ఏ బాధా లేదు. కాని మెసేజికి మొదలూ చివరా రెండూ లేవు. ఎవరు, ఎవరికి, ఏ వరసతో మాట్లాడుతున్నారో ఒక్క ముక్కా ఉండదు. ఎవరన్నా పోతే మూడు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి ఊరుకుంటారు. టెలిగ్రాంలోనూ పొట్టి మాటలే కదా అనొచ్చు. అక్కడ మాటకింత అని లెక్కగట్టి తీసుకునేవారు, అందుకని "ఫాదర్ సీరియస్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ" అన్నంతలోనే సరిపెట్టేవారు. ఆ టెలిగ్రాం 2013 జులైతో మన దేశంలో పోయింది. ఇప్పుడు ఎన్ని మాటలు రాసినా పైసా పెరగదు కదా, మరి పొదుపెందుకో!

మంచి లేదని కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు చదువుకున్నవాళ్ళు మాట్లాడే భాషే రాతలోకీ రావాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినం చేసుకుంటున్నాం. ఆయన 1940లో పోయారు. ఆయన అడిగినదానికన్నా నాలుగడుగులు ముందుకే వెళ్ళింది ఫోను. మా పక్క వాటాలో వరంగల్ అమ్మాయి నాకు "జర ఆగు అక్కా, వస్తున్న" అనే రాస్తుంది. పుస్తకాల్లో, పత్రికల్లో చాలాకాలం చోటు దొరకని ఆ పలుకుబడి ఇప్పుడు రోజూ రాతలో కనిపిస్తోంది. నాకు ముద్దుగానే ఉంటుంది. ఇంకో మేలు, 'శుభాకాంక్షలు' అని సగం కొట్టేసరికి మిగతాది ఫోనే సరిగ్గా అందిస్తుంది. పదో తరగతిలో ఆ మాటకి నాకు ఎన్నిసార్లు ఎర్రసిరా పడిందో!

మళ్ళీ మా వదిన దగ్గరికొస్తాను. ఆవిడ అయిదో తరగతి దాకా చదివింది, తెలుగు శుభ్రంగా చదువుతుంది, ఇంగ్లీషు రాదు. అక్కడ పగలంటే మనకి రాత్రి, రోజూ మాట్లాడ్డం కుదరక కొడుకు మెసేజి పెడతాడు. పెట్టినప్పుడల్లా ఆవిడ ఫోను పట్టుకుని ఎదురింటి పిల్ల దగ్గరికి వెళ్ళి చదివించుకునేదట. డబ్బు సంగతులూ, కోడలి సంగతులూ అన్నీ ఆ పిల్ల నోటితోనే వినాలి. ఈ మాట ఆ వారంలోనే నాకు తెలిసింది. తలచుకుంటే ఫీజు పోయినదానికన్నా ఇదే ఎక్కువ బాధనిపించింది.

ఆ రాత్రే వాడికి గట్టిగా చెప్పాను. వాడు చదివింది ఇంగ్లీషు మీడియం, రెండో భాష హిందీ, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాడు. మీ పిల్లలకూ పనికొస్తుంది, వినండి. ఫోను సెట్టింగుల్లో భాషలు, కీబోర్డు అని ఉంటుంది, అందులో తెలుగు కలపాలి. తర్వాత రాసేచోట భూగోళం బొమ్మ నొక్కితే తెలుగు అక్షరాలొస్తాయి. వత్తు కావాలంటే ముందు అక్షరం, తర్వాత పొల్లు, ఆ తర్వాత రెండో అక్షరం. 'అమ్మ' అనాలంటే అ, మ, పొల్లు, మ. అదీ కష్టమయితే ఇంగ్లీషులో కొడుతుంటే తెలుగులోకి మారే ఏర్పాటూ ఉంది. కాకపోతే పైన అది చూపించే మాటల్లో సరైనది ఏరుకోవాలి, ఏరాలంటే చదవడం రావాలి. అందుకని వాణ్ణి మొదటి దారిలోనే పెట్టాను.

నాలుగు రోజులకి వదిన ఫోనుకి మెసేజి వచ్చింది. "అమా, కాళు ఎలా ఉనాయి" అని. వత్తులన్నీ సముద్రంలో పడిపోయాయి, దీర్ఘం మాత్రం క్షేమంగా చేరింది. ఆవిడ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు లేకుండా, పైకి రెండుసార్లు చదువుకుంది.