రవ్వడబ్బాలో చలికాలం

ఇలా రారా, నా అరచేయి చూడు. మీ నాయనమ్మ ఫ్రిజ్‌లో దాచిన ఉప్మారవ్వ డబ్బా అడుగున దొరికాయి, రెండు ముక్కుపురుగులు. చచ్చాయనుకున్నావా? ఉండు. కాలు ఆడించింది చూశావా! చలికి కొయ్యబారాయంతే. అంత చలిలో తిండీ లేదు, గుడ్లూ లేవు.

వీటికో దూరపు చుట్టం నీళ్లమీద బతుకుతుంది. పేరు సిర్టోబాగస్, నీకు నోరు తిరగదులే. నువ్వుగింజకన్నా చిన్నది, నల్లగా ఉంటుంది. సొంతూరు బ్రెజిల్, ఆ చుట్టుపక్కల. దాని తిండల్లా సాల్వీనియా అనే నీటికలుపు. కేరళవాళ్లు దాన్ని ఆఫ్రికన్ పాయల్ అంటారు, అదీ బ్రెజిల్‌దే అయినా! పెద్దపురుగు మొగ్గ కొరుకుతుంది, పిల్లపురుగు కాడలో దూరి తొలిచేస్తుంది. ఆస్ట్రేలియాలో మూన్‌డారా అనే జలాశయంలో 1980లో వదిలితే, 14 నెలల్లో 18,000 టన్నుల కలుపు పోయింది.

అదే పురుగు అమెరికాలో దక్షిణ లూసియానాలో బాగానే పనిచేసింది. కాస్త ఉత్తరానికి, టెక్సాస్ సరిహద్దున ఉన్న కాడో సరస్సుకు వెళ్లేసరికి చతికిలబడింది. అక్కడి చలి అలాంటిది మరి.

గడ్డకట్టి చచ్చాయనుకోకు. బిందెలో నీళ్లలా పురుగు ఒంట్లో నీళ్లు సున్నా డిగ్రీలకే గడ్డకట్టవు. మంచు పేరుకోవడానికి తొలి పలుకేదో ఒకటి కావాలి. అది దొరికేదాకా సున్నా దిగినా నీరు నీరుగానే ఉంటుంది. అయినా రోజుల తరబడి చలిలో ఉంటే, గడ్డకట్టకముందే ప్రాణం పోతుంది.

కలుపు మాత్రం గడుసుది. పైఆకులు మాడిపోతాయి, మొగ్గ నీటి చాటున వెచ్చగా దాక్కుంటుంది. ఆ మొగ్గ చావాలంటే దానికే మైనస్ 3 కన్నా తక్కువ చలి రెండుమూడు గంటలు తగలాలి. ఎండాకాలం మొదలవగానే అది వారం తిరక్కుండా రెట్టింపవుతుంది. మిగిలిన నాలుగు పురుగులూ అప్పుడు గుడ్లు పెట్టి, పిల్లలు లేచి, ఎప్పటికి అందుకుంటాయిరా? అందుకే గాజు పందిళ్లలో పెంచి మళ్లీ మళ్లీ వదులుతున్నారు. అర్జెంటీనాలో పరానా డెల్టా పురుగులు చలికి ఇంకాస్త ఓర్చుకుంటాయని పరీక్షల్లో తేలింది. నాకైతే ఆశ వాటిమీదే. ఒకటే పురుగు, కాకపోతే చలి ఎరిగిన ఊరిది.

అరె, ఇక్కడ ఒకటే ఉందేమిటి? నా చొక్కా చేతిమీద చూడు. మీ నాయనమ్మకు చెప్పకు.