తెర చీలుతోందా? కొత్త కార్డు కొనే ముందు ఒక్కసారి ఆగండి

ఆమధ్య ఒక శనివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "వీడికి ఆరువందల డాలర్ల గ్రాఫిక్స్ కార్డు కావాలిట. ఉన్నది కొని ఏడాది కూడా కాలేదు. నువ్వైనా వచ్చి చెప్పరా" అంది. ఇలాంటి పిల్లలు మన ఇళ్ళలో చాలామందే ఉన్నారు కాబట్టి, ఆ రోజు తేలిన సంగతి మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

మేనల్లుడు ఆట మొదలుపెట్టి మౌస్ గబుక్కున పక్కకు తిప్పాడు. ఎదురుగా ఉన్న స్తంభం మధ్యకి విరిగినట్టు పై సగం ఒకచోట, కింది సగం ఇంకోచోట కనిపించింది. ఇదే స్క్రీన్ టేరింగ్. ఆటలో వీ-సింక్ పెడితే చీలిక పోయింది గానీ మౌస్ బరువెక్కింది. చెయ్యి ముందు, బొమ్మ వెనక. ఇది ఇన్‌పుట్ ల్యాగ్. "చూశావా మావయ్యా, కార్డు చాలట్లేదు" అన్నాడు.

కార్డు తప్పేమీ లేదు. మానిటర్ బొమ్మను ఒక్కసారిగా చూపించదు, పైనుంచి కిందకి వరసగా గీస్తుంది. 60 హెర్ట్జ్ మానిటర్ అయితే సెకనుకు 60 సార్లు, అంటే సుమారు 16.7 మిల్లీసెకన్లకొకసారి. ఈ తాళం కార్డుకి పట్టదు. మానిటర్ సగం గీసేసరికి కార్డు కొత్త ఫ్రేము అందిస్తే పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ! ఇంకా వేగమైన కార్డు తెచ్చినా ఈ చీలికలు పోవు.

వీ-సింక్ చేసేది ఏమిటంటే, మానిటర్ ఒక బొమ్మ పూర్తి చేసేదాకా కార్డుని ఆపడం. చీలిక పోతుంది. కానీ ఆట మాత్రం ముందు ఫ్రేములు తయారుచేస్తూనే ఉంటుంది. అవన్నీ తిరుమల కంపార్ట్‌మెంట్లలో భక్తుల్లా వరసలో కూర్చుంటాయి. మూడు ఫ్రేములు వెయిటింగులో ఉంటే 60 హెర్ట్జ్ దగ్గర 50 మిల్లీసెకన్లు! మీరు చూస్తున్న బొమ్మ అప్పటి మీ చెయ్యిదన్నమాట. పైగా కార్డు ఒక తాళం తప్పితే తర్వాతి తాళం దాకా ఆగాలి. కొన్ని ఆటల్లో అరవై ఫ్రేములు ఒక్కసారిగా ముప్ఫైకి పడిపోయేది ఇందుకే.

2013లో ఎన్‌విడియా జీ-సింక్ ప్రకటించినప్పుడు ఈ లెక్క తిరగబడింది. కార్డు మానిటర్ కోసం ఆగే బదులు మానిటరే కార్డు కోసం ఆగుతుంది. టైము ప్రకారం కదిలే ఆర్టీసీ బస్సు కాదు, మనిషి ఎక్కగానే కదిలే ఆటో. ఏఎమ్‌డీ వారి ఫ్రీసింక్ మానిటర్లు 2015లో వచ్చాయి. 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులు కూడా ఆ రకం మానిటర్లతో పనిచేయడం మొదలుపెట్టాయి. ఇప్పుడు మామూలు ధర గేమింగ్ మానిటర్లలో కూడా ఈ సదుపాయం ఉంటోంది.

మావాడి మానిటర్‌లోనూ ఉంది! అది 144 హెర్ట్జ్‌ది. కానీ కొన్న రోజు ఎవరూ సెట్టింగు మార్చలేదు, విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 60 దగ్గరే ఉండిపోయింది. హెచ్‌డీఎంఐ కేబుల్ తీసి డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ పెట్టాం. రిఫ్రెష్ రేటు 144కి మార్చగానే తాళం 6.9 మిల్లీసెకన్లకు దిగింది. తర్వాత ఫ్రీసింక్‌ని మానిటర్ మెనూలోను, జీ-సింక్‌ని డ్రైవర్‌లోను ఆన్ చేశాం. వీ-సింక్‌ని ఆటలో తీసేసి డ్రైవర్‌లో పెట్టాం.

అసలు పేచీ చివరి సెట్టింగు దగ్గర వచ్చింది. ఫ్రేములకు 138 దగ్గర కళ్ళెం వెయ్యమన్నాను. "కార్డు 200 ఇస్తుంటే ఆపడమేంటి మావయ్యా?" అని మొహం మాడ్చుకున్నాడు. మానిటర్ 144 దాకానే కార్డు వెంట నడవగలదు. ఆ గీత దాటితే మళ్ళీ పాత వీ-సింక్, పాత వరస. నాలుగైదు ఫ్రేములు తగ్గించుకుంటే ఆ వరస ఏర్పడదు. ఆటలో 2020లో వచ్చిన రిఫ్లెక్స్ ఉంటే ఆన్ చేసుకోండి. ఈ సెట్టింగుల మీద కళ్ళెం కూడా అదే వేస్తుంది.

ఈ సదుపాయం లేని పాత మానిటర్ అయితే రెండింట్లో ఒకటి వదులుకోక తప్పదు. షూటింగ్ ఆటలకి నేనైతే వీ-సింక్ తీసేసి చీలికను భరిస్తాను, నింపాదిగా ఆడేవాటికి ఉంచుతాను. టీవీకి కలిపి ఆడేవాళ్ళు ముందు టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో టీవీ చేసే ఆలస్యం చాలావరకు తగ్గుతుంది.

స్తంభం నిలబడింది, మౌస్ తేలికపడింది. సాయంత్రం మళ్ళీ ఫోన్, ఈసారి మేనల్లుడు. "హైదరాబాద్‌లో అన్నయ్యతో ఆడుతుంటే ఇంకా ల్యాగ్ వస్తోంది మావయ్యా!" అది వేరే ల్యాగ్. డల్లాస్ నుంచి హైదరాబాద్‌కి సిగ్నల్ వెళ్ళి రావడానికే రెండువందల మిల్లీసెకన్లు దాటుతుంది, దానికి ఏ సెట్టింగూ లేదు. అన్నయ్యతో చదరంగం ఆడుకోమన్నాను.