థైమస్ వేరు, థైరాయిడ్ వేరు

ఈ రోజుల్లో ఆసుపత్రి కాగితాలు చదువుకోవడం సంసారులకు ఒక కొత్త విద్య అయి కూర్చున్నది. డాక్టరుగారు చెప్పింది సగం వింటాం. ఇంటికి వచ్చి కాగితం మీది మాటలను పట్టుకుని మిగతా సగం ఊహించుకుంటాం. ఆ ఊహలో ఒక్క అక్షరం తారుమారైతే చాలు, ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

పుంగనూరులో మా మేనకోడలి మూడేళ్ళ కొడుక్కి దగ్గు తగ్గకపోతే ఛాతీకి ఎక్సురే తీయించారు. గుండెకు పైన ఒక నీడ ఉన్నదనీ, అది థైమస్ అనీ కాగితంలో రాశారు. "వీనికి థైరాయిడ్ అంట మామా! జన్మంతా మాత్రలు మింగల్లా?" అని ఆ పిల్ల గొంతు వణికిపోతూ అడిగింది. డాక్టరు మాత్రం, "ఈ వయసులో అది ఉండవలసిందే" అని ఒక్క మాటతో పంపేశారు. ఆ ఒక్క మాటకు వెనక ఉన్న కథే ఈ వ్యాసం.

పేర్ల పుట్టుక

థైరాయిడ్ ఉండేది గొంతు ముందు. డాలు అనే అర్థమిచ్చే గ్రీకు మాటనుంచి దానికి ఆ పేరు వచ్చింది. మన శాస్త్రగ్రంథాలలో అది అవటు గ్రంథి. థైమస్ ఉండేది రొమ్ము ఎముక వెనక, గుండెకు కొంచెం పైన. దీని పేరూ గ్రీకుదే. ప్రాణం, ఉద్వేగం అనే అర్థమున్న మాటనుంచి వచ్చిందని కొందరంటారు. థైమ్ అనే సువాసన మొక్క ఆకు పోలికవల్ల వచ్చిందని మరికొందరు. ఆ మొక్క పేరు మన వంటింటికి కూడా చుట్టమే. అజీర్తికి పెద్దలు వాడే వాముపువ్వును రసాయన శాస్త్రజ్ఞులు థైమాల్ అంటారు.

తెలుగులో దీనిని బాలగ్రంథి అన్నవారున్నారు. చక్కని మాట. పుట్టినప్పుడు సుమారు 10 నుంచి 15 గ్రాములుండే ఈ గ్రంథి యుక్తవయస్సుదాకా పెరిగి, ఆ తరువాత క్రమంగా కరిగి కొవ్వుగా మారుతుంది. అందుకే పసిపిల్లల ఎక్సురేలో అది నిండుగా, ఒక్కొక్కప్పుడు పడవ తెరచాప ఆకారంలో కనిపిస్తుంది.

పుంగనూరు పొట్టి ఆవులను ఎరగనివారుండరు. ఆవుదూడలకు ఈ గ్రంథి ఛాతీలోనే కాక మెడ పొడవునా కూడా ఉంటుంది. 1893లో కోసెల్, నాయ్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు దూడల థైమస్‌నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, దానికి థైమిన్ అని పేరు పెట్టారు. మన వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఏ.లోని నాలుగు అక్షరాలలో 'టి' అంటే అదే!

ఒక పొరపాటు మాట

పేరు తప్పయితే ఏమవుతుందో చూడండి. పూర్వం ఐరోపాలో కోతకు దొరికిన శవాలు ఎక్కువగా దీర్ఘరోగాలతో, లేమితో మరణించిన పేదలవి. జబ్బు ముదిరితే థైమస్ కుంచించుకుపోతుంది. ఆ కుంచించుకున్న దానినే వైద్యులు సహజమనుకున్నారు. ఆరోగ్యంగా ఉండి హఠాత్తుగా చనిపోయిన బిడ్డలో పెద్ద గ్రంథి కనబడేసరికి, ఊపిరాడకుండా చేసింది ఇదేనన్నారు. 1889లో పాల్టాఫ్ అనే వైద్యుడు ఆ దేహస్థితికి గంభీరమైన లాటిన్ పేరు కూడా పెట్టాడు. 1907నుంచి అమెరికాలో పసిపిల్లల ఛాతీమీద ఎక్సురే కిరణాలు ప్రసరింపజేసి గ్రంథిని కుదించసాగారు. ఏ జబ్బూ లేని బిడ్డలకు చికిత్స అన్నమాట! ఆ పిల్లలలో కొందరికి తరువాత థైరాయిడ్ కేన్సరు వచ్చిందని 1950లో వెల్లడైంది.

మదనపల్లె సూది

అయితే ఈ గ్రంథి పని ఏమిటి? దానికి సాక్ష్యం మన మదనపల్లెలోనే ఉన్నది. ఆ ఊరి పక్క ఆరోగ్యవరంలో 1912లో అనేక మిషన్లు కలసి స్థాపించిన క్షయ శానిటోరియానికి డెన్మార్కు దేశస్థుడు డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ సారథ్యం వహించారు. తరువాత ఆయన కుమారుడు డాక్టర్ యోహానెస్ ఆధ్వర్యంలో, 1950నుంచి 1955వరకు, చుట్టుపక్కల పల్లెలలో క్షయమీద పెద్ద పరిశీలన జరిగింది. పల్లెజనానికి ట్యుబర్క్యులిన్ సూది వేసేవారు. రెండు మూడు రోజుల తరువాత చర్మం గట్టిపడి వాచిందా అని కొలిచేవారు. వాస్తే, ఆ శరీరం క్షయ క్రిమిని ఇదివరకే ఎరుగునన్నమాట.

ఆ ఎరుక ఎవరిదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1961లో లండనులో జాక్ మిల్లర్ అనే యువవైద్యుడు అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల థైమస్ తీసివేసి చూశాడు. అవి జబ్బులకు తట్టుకోలేకపోయాయి. పరాయి ఎలుక చర్మం అతికించినా తిరస్కరించలేకపోయాయి. థైమస్‌లో తయారయ్యే తెల్లకణాలే ఆ కాపలాదారులు. 'టి కణాలు' అనే పేరులోని 'టి' థైమస్‌దే. మదనపల్లె పల్లెజనం ముంజేతిమీద వాపు తెచ్చినవీ అవే. మిల్లర్ అక్కగారు క్షయతోనే కన్నుమూశారు. ఆ దుఃఖమే ఆయనను వైద్యంవైపు నడిపించిందట.

థైమస్‌లో ఈ కణాలకు కఠినమైన పరీక్ష ఉంటుంది. ఇంటివారిని, పరాయివారిని గుర్తుపట్టగలగాలి. నూటికి 95కు పైగా తప్పి అక్కడే నశిస్తాయి. గట్టెక్కినవి ఒంటినిండా సంచరిస్తాయి. పిల్లవయసులో తయారైన ఆ సైన్యమే మనకు చిరకాలం అండ.

కుప్పంలో ఏమని చెప్పాలి?

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. తెలుగులో అడిగితే తమిళంలో జవాబు వస్తుంది. సంతలో కన్నడమూ వినబడుతుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన ఊరు. వైద్య కళాశాల కూడా ఉన్నది. అలాంటి చోట అవ్వకు బాలగ్రంథి అని చెబితే, గజ్జల్లో బిళ్ళ కట్టినట్లు ఏదో వాచిందనుకుంటుంది. అందుచేత పేరు ఏదైనా, పక్కన ఒక వాక్యం ఉండాలి: "గుండెమీద పిల్లల్ని కాచే కండ, పెద్దయితే కరిగిపోతుంది."

మిగతా మాటలకు తోకలు చూస్తే చాలు. 'ఓమా' అంటే కంతి. థైమోమా అంటే థైమస్‌లో కంతి. 'ఎక్టమీ' అంటే కోసి తీసివేయడం; థైమెక్టమీ అదే. 'సైట్' అంటే కణం. థైమోసైట్ అంటే ఇంకా పరీక్షలో ఉన్న కణం.

పెద్దవారి కాగితంలో ఈ మాటలు కనబడితే మాత్రం అశ్రద్ధ పనికిరాదు. సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనబడటం, మింగుడుపడకపోవడం మయస్తీనియా గ్రేవిస్ లక్షణాలు. ఆ రోగులలో నూటికి పది పదిహేనుమందికి థైమోమా ఉంటుంది. కంతి లేనివారిలో కూడా చాలామందికి థైమస్ తీసివేస్తే మేలు జరుగుతుందని 2016లో ప్రచురితమైన అంతర్జాతీయ పరిశోధన తేల్చింది. అలాగని అకారణంగా తీయించుకోరాదు. పెద్దలలో కూడా అది పూర్తిగా నిరుపయోగం కాదని 2023నాటి మరొక పరిశోధన సూచించింది.

కనుక కాగితం చేతికి రాగానే డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి: "ఇది థైమసా, థైరాయిడా? ఈ వయసుకు ఇది సహజమేనా?" అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. జవాబు చెప్పడానికి వారికి అర నిమిషం పడుతుంది. మీకు ఆ రాత్రి నిద్ర పడుతుంది.