ఆటిజముగల విద్యార్థులు - వ్యాసరచన



నేటి నా ప్రసంగము 13 మొదలు 18 ఏండ్ల లోపు వయసుగల కొందరు బాలబాలికలను గూర్చినది. వారికి ఆటిజము అను స్థితి కలదు. దీనిని 1943లో లియో కానర్ అను వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లలయందు గుర్తించి వర్ణించెను. మరుసటి యేడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇట్టి వర్ణనయే ప్రకటించెను. ఇది పెంపకపు లోపమున వచ్చినది కాదు; మెదడు ఎదిగిన తీరులోని భేదము. మన దేశమున 2016నాటి దివ్యాంగుల హక్కుల చట్టము తాను గుర్తించిన 21 స్థితులలో దీనిని చేర్చినది. బడిలో ఇట్టి పిల్లలలో పలువురను మిక్కిలి బాధించునది వ్రాతపని.

ముప్పదియైదేండ్లు తెనుగు చెప్పిన నాకు ఉపాధ్యాయులనుండి తరచుగా వినవచ్చిన ఫిర్యాదు ఒకటి కలదు. "వీనికి అన్నియు తెలియును. నోట అడిగినచో గడగడ చెప్పును. కాగితము ముందు పెట్టినచో అరగంటకును ఒక్క పంక్తి సాగదు. ఇది సోమరితనము గాక మరేమి?" అందురు. ఈ ప్రశ్నకే నేడు సమాధానము చెప్పదలచితిని.

ఇది సోమరితనము కాదు. వ్యాసరచన యని మనము ఒక్క పేరు పెట్టినది నిజమునకు ఏడు పనుల మూట. ప్రశ్నను గ్రహింపవలెను. విషయమును తలచుకొనవలెను. అందు కొంత ఏరుకొనవలెను. వరుస కూర్పవలెను. వాక్యము కట్టవలెను. అక్షరములు వ్రాయవలెను. ఇంతసేపును చదువువానికి ఏమి తెలియును, ఏమి తెలియదు అని ఊహించుచుండవలెను. తక్కిన పిల్లలు వీనిని తమకు తెలియకుండగనే కలిపి చేసికొందురు. ఆటిజముగల పిల్లలలో చాలమందికి ఇన్నింటిని ఒక్కమారు మనసున నిలుపుట కష్టము. పని మొదలుపెట్టుట అంతకన్న కష్టము. కొందరికి కలము పట్టు కుదురదు. కొందరికి తలపు చెదరుటకు తరగతిలోని పంకా చప్పుడే చాలును.

మన గురువులు పద్యము చెప్పిన పద్ధతిని జ్ఞాపకము చేసికొనుడు. ముందు పదచ్ఛేదము, పిదప అన్వయము, ప్రతిపదార్థము, కడపట తాత్పర్యము. వ్యాసమునకును అదియే మార్గము. మూట విప్పి, ఒక్కొక్క పనిని వేరుగా చేయింపవలెను.

తొమ్మిదవ తరగతి బాలుడొకనికి "నీవు చేసిన ప్రయాణమును గూర్చి వ్రాయుము" అని ఇంటిపని యిచ్చిరి. "ఏ ప్రయాణము? ఎంత వ్రాయవలెను? ఎవరు చదువుదురు?" అని వాడు అడిగెను. ఇవి పెంకి ప్రశ్నలు కావు. ఆ వివరములు ప్రశ్నలో నిజముగానే లేవు. నేను దానిని ఇట్లు మార్చితిని: "విజయవాడనుండి విశాఖపట్టణమునకు రైలులో పోయితివి గదా. ఆ దారిన ఎన్నడును పోని మీ అమ్మమ్మకు తెలియునట్లు 12 వాక్యములలో వ్రాయుము."

వానికి రైళ్ళనిన ప్రాణము. ఏలూరు, తాడేపల్లిగూడెము, నిడదవోలు, రాజమహేంద్రవరము, సామర్లకోట, తుని, అనకాపల్లి అని వరుస తప్పక చెప్పెను. వాడు చెప్పుచుండగా ఒక్కొక్క సంగతిని ఒక్కొక్క చీటీపై వ్రాసితిని. చీటీలు బల్లపై పరచి, ఏది ముందు, ఏది వెనుక, ఏది అక్కరలేదు అని వానినే అడిగితిని. గోదావరిపై పాత హేవలాక్ వంతెన మీద 1900 మొదలు 1997 వరకు రైళ్ళు నడచినవను చీటీని తీసివేయుటకు వాడు ఒప్పుకొనలేదు, నేనును పట్టుపట్టలేదు. మూడవనాటికి వ్యాసము ముగిసెను. అందు సూర్యోదయవర్ణనము లేదు. వంతెన ఎక్కగానే చక్రముల చప్పుడు మారినదను వాక్యము కలదు. నేను చెప్పి వ్రాయించియుండినచో ఆ వాక్యము పుట్టెడిది కాదు.

సాయమునకు హద్దు ఇచటనే కలదు. రాత్రి పది గంటలకు విసిగి తామే వ్యాసము వ్రాసియిచ్చు తలిదండ్రులు కలరు. మార్కులు వచ్చును; కాని తన మాట కాగితమునకు పనికిరాదని బిడ్డ నేర్చుకొనును. చీటీపై వ్రాయు చేయి మనది కావచ్చును. మాట మాత్రము బిడ్డది కావలెను. కలము కుదురనివారికి టైపు చేయుటకు యంత్రమునిండు. నోట మాటలాడని వారిలోను కొందరు టైపుచేసి తమ భావము తెలుపగలరు.

అలంకారశాస్త్రము చదివినవారు వాచ్యార్థమును, లక్ష్యార్థమును ఎరుగుదురు. గంగలో పల్లె యనినచో గంగయొడ్డున పల్లె యని గ్రహింతుము. ఈ పిల్లలలో పలువురు ముందుగా వాచ్యార్థముననే నిలుతురు. "కడుపులో ఎలుకలు పరుగెత్తుచున్నవి" అనినచో భయపడువారును ఉందురు. నవ్వక, దాని అర్థము ఆకలి యని విప్పి చెప్పుడు. ఒకమారు చెప్పినదానిని వారు శ్రద్ధతో గుర్తుంచుకొందురు.

దిద్దునపుడు "ఇంకను బాగుగా వ్రాయుము" అనుట నిరర్థకము. "రెండవ వాక్యమున ఎవరు వచ్చిరో చెప్పలేదు" అనుడు. ఒకనాటికి ఒక్క తప్పు చాలును. ఒక్క కొట్టివేత కనబడినచో పుటనంతయు చింపువారు కలరు; అట్టివారిని పెన్సిలుతో వ్రాయనిండు.

పరీక్షలను గూర్చి ఒక మాట. కేంద్ర ప్రభుత్వము 2018లో ప్రకటించిన మార్గదర్శకములు, తగిన ధ్రువపత్రముగల విద్యార్థికి అవసరమునుబట్టి వ్రాతసహాయకుని, గంటకు 20 నిమిషములకు తక్కువకాని అదనపు కాలమును ఇయ్యవలెనని చెప్పినవి. ఇది ఎవరో చూపు దయ కాదు. చట్టము వలన లభించిన హక్కు. పరీక్షల వేళ వరకు ఆగక, సంవత్సరారంభముననే ప్రధానోపాధ్యాయుని కలిసికొనుడు.

మీ యింట, మీ తరగతిలో ఇట్టి బాలుడో బాలికయో ఉన్నయెడల, రేపటి వ్యాసమునకు తెల్లకాగితము ముందు పెట్టకుడు. నాలుగు చీటీలు కోసి, ప్రక్కన కూర్చుండి, మొదటిదానిపై ఏమి వ్రాయుదమని అడుగుడు. సమాధానము ఆలస్యముగా రావచ్చును. అంతవరకు మీరు మాటలాడక వేచియుండుడు.