అమ్మ శ్రుతి, నా పెట్టె

మా అమ్మ పాటకు వేదిక ఎప్పుడూ మా బెంగుళూరు ఇంటి పూజగదే. 1992లో ఆమె వేళ్లకు కీళ్లనొప్పులు వచ్చి శ్రుతిపెట్టె తిత్తి నొక్కడం కష్టమైంది. పక్కన కూర్చుని నొక్కే తీరిక మాకెవరికీ లేకపోయింది. నాలుగు రోజులు శ్రుతి లేకుండానే పాడింది. ఐదోరోజు పాటే మానేసింది.

రాడెల్ వారి ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెలు మా ఊళ్లోనే తయారయ్యేవి. ఒకటి కొనవచ్చు కదా అంటారేమో! ఎలక్ట్రానిక్స్ చదివినవాడికి కాస్త అహం ఉంటుంది గదండీ. ఎస్.పి. రోడ్డుకెళ్లి రెండు 555 ఐసీలు, కాసిని విడిభాగాలు తెచ్చుకున్నాను.

ఇందులో కెపాసిటర్‌ను ఒక చిన్న తొట్టి అనుకోండి. రెసిస్టర్ల గుండా అందులోకి విద్యుత్తు నిండుతుంది. 9 వోల్టుల బ్యాటరీతో నడిపితే, తొట్టి 6 వోల్టులకు చేరగానే ఐసీ తూము తెరుస్తుంది; 3కు దిగగానే మూస్తుంది. ఇలా సెకనుకు 196 సార్లు జరిగితే అది అమ్మ పాడే ఐదు శ్రుతి షడ్జమం. రెండో ఐసీది ఒకటిన్నర రెట్లు, అంటే 294, అది పంచమం.

మొదటిరోజు పావుగంట పాడి ఆగిపోయింది.

"ఒరే, నీ పెట్టె పైకెక్కుతోందిరా."

బ్యాటరీ మార్చాను. లాభం లేకపోయింది. ఉండదు కూడా. వోల్టేజి తగ్గితే ఆ పై హద్దూ కింది హద్దూ అదే పాళ్లలో తగ్గుతాయి, స్వరం పెద్దగా కదలదు. ఇది నాకు ముందే తట్టవలసింది. తట్టక, "నీ చెవికే వయసొచ్చిందమ్మా" అనేశాను. ఆ మాట అనకుండా ఉండవలసింది.

అమ్మ పాత పెట్టె తెచ్చి నా ముందు పెట్టి "నొక్కు" అంది. రెండు షడ్జమాలూ కలిసి మోగుతుంటే నాదం సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతోంది. అంటే 196 పక్కన నాది 198! ఏ మీటరూ లేకుండా పట్టేసింది.

అప్పుడు చూశాను, నా పెట్టె దీపం పక్కనే ఉంది. నేను వేసినవి చవకరకం సెరామిక్ బిళ్ళ కెపాసిటర్లు. ఆ రకం వేడెక్కితే వాటి కెపాసిటీ తగ్గుతుంది. తొట్టి చిన్నదైతే త్వరగా నిండుతుంది, స్వరం ఎక్కుతుంది.

మర్నాడు వేడికి అంతగా చలించని పాలిస్టైరిన్ కెపాసిటర్లు వేసి, అమ్మ చెప్పినట్టల్లా ప్రీసెట్ తిప్పాను. ఆ ఉబ్బు నెమ్మదించి, నెమ్మదించి ఆగిపోయింది. తంబురా మాధుర్యం దానికెక్కడిది?

"కందిరీగ రొదే గానీ, శ్రుతిలో ఉందిరా" అంది అమ్మ. పెట్టెను దీపానికి మూరెడు అవతలికి జరిపి, వత్తి ఎగదోసి, పాట ఎత్తుకుంది.