చవక గుడ్డ అసలు వెల

ఆదిలాబాదు నల్లరేగడిలో ప్రత్తి పండుతుంది. దానికి దక్షిణముగా, పూర్వపు కరీంనగరు జిల్లాకు చెందిన సిరిసిల్లలో వేలాది మరమగ్గాలు ఆడుతున్నవి. అయినా వాటిపై హెచ్చుగా నేసేది ప్రత్తినూలు కాదు. పెట్రోలియమునుండి తయారయ్యే పాలియెస్టరు. అది చవక.

చవక గుడ్డను చిరగకముందే పారవేయడం నేటి అలవాటు. ప్రత్తి పేలికను నేలలోని సూక్ష్మజీవులు కొన్ని నెలలలో కుళ్ళించి మట్టిలో కలుపుతవి. పాలియెస్టరును అవి సులభముగా జీర్ణించుకొనలేవు. అది దశాబ్దాలు నిలుస్తుంది. ఉతికినప్పుడెల్లా సన్నని పోగులు విడివడి నీటిలో చేరుతవి.

ప్రత్తి గుడ్డకూ వెల కలదు: ఒక చొక్కాకు సుమారు 2,700 లీటర్ల నీరు కావలెనని అంచనా. ఇక మీటరు లెక్కన కూలి పొందే నేతకార్మికునికి, గుడ్డ ధర తగ్గినకొలది కూలి పెరిగే ఆశ సన్నగిల్లుతుంది.

మరి ఉపాయమేమి? ఏడాది కట్టే చీరను రెండేళ్ళు కట్టినచో, నేలపై ఏటేటా పడే భారము సగమే.